సిలికాన్ నిజంగా తగ్గిందా?

2018 జూన్‌లో పైడిరాజును నా పరిశోధక విద్యార్థిగా చేరుస్తూ మా భౌతికశాస్త్ర విభాగాధిపతి ఉత్తర్వు ఇచ్చారు. అప్పటికి నా పదవీ విరమణకు మూడేళ్లే ఉంది. అంత తక్కువ సర్వీసు మిగిలిన ప్రొఫెసరుకు మామూలుగా కొత్తవాళ్లను అప్పగించరు. అయితే పైడిరాజు కొత్తవాడు కాదు. అతని మొదటి గైడు వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చి వెళ్లిపోవడంతో మధ్యలో నిలిచిపోయాడు. ముప్పై ఏళ్లుంటాయి. ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి, అది మానేసి పరిశోధనకు వచ్చినవాడు. గాజువాకలో రెండు గదుల మేడ మీద భార్య గౌరితో ఉండేవాడు. ఆమె అచ్యుతాపురంలో మందుల ఫ్యాక్టరీలో, తయారైన మందు సరిగా ఉందో లేదో పరీక్షించే లేబ్‌లో పనిచేసేది.

నేను సూర్యుడి దగ్గరికి కింది నుంచి వెళ్లినదాన్ని. విశాఖపట్నంలో మా తరం వాళ్లం చాలామంది అయనోస్ఫియర్ మీదే చదువుకున్నాం. రేడియో తరంగాలను తిప్పి కిందికి పంపే పై వాతావరణపు పొర అది. విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం ఆ పొరను కొలిచే మా యంత్రం గీసే గీత ఉన్నట్టుండి మాయమైంది. పాడైందనుకుని నేను ఫ్యూజులు విప్పుతుంటే మా గురువుగారు వచ్చి చూసి, యంత్రానికేం కాలేదు, సూర్యుడి మీద ఏదో పేలింది అన్నారు. సౌరజ్వాల నుంచి వచ్చిన ఎక్స్-కిరణాలు ఆ పొర అడుగుభాగాన్ని చిక్కబరిస్తే రేడియో తరంగాలు అందులోనే ఇంకిపోతాయి. అది తెలిశాక నాకు పొర మీద ఆసక్తి తగ్గి, పేలినదాని మీద పెరిగింది. మిగతా సర్వీసంతా అదే పని.

ఈ రంగంలో అడుగడుగునా తెలియని విషయాలే. సూర్యుడి ఉపరితలం వేడి అయిదున్నర వేల డిగ్రీలు. దాని చుట్టూ పలచగా పరుచుకున్న కరోనా అనే వాయుమండలం పది లక్షల డిగ్రీలు దాటుతుంది. అంత వేడిలో పరమాణువులు తమ ఎలక్ట్రాన్లను వదులుకుంటాయి. ఆ స్థితిలో ఉన్న పదార్థాన్ని ప్లాస్మా అంటారు. అది ఎక్స్-కిరణాల్లో వెలుగుతుంది. మన వాతావరణం వాటిని కిందికి రానివ్వదు కాబట్టి పరికరాన్ని ఉపగ్రహంలో పైకి పంపాలి. పరికరం ఒక్కొక్క కిరణం శక్తిని కొలిచి, ఏ శక్తి గలవి ఎన్ని వచ్చాయో లెక్కపెడుతుంది. ఆ లెక్కను గీస్తే వచ్చే గీతే స్పెక్ట్రం. అందులో అక్కడక్కడా చిన్న గుట్టలు లేస్తాయి. ఒక గుట్ట మెగ్నీషియంది, ఒకటి సిలికాన్‌ది, ఇంకా ముందుకు వెళ్తే ఇనుముది. వాటి ఎత్తును బట్టి అక్కడ ఏ మూలకం ఎంత ఉందో చెప్పవచ్చు.

ఇక్కడ ఇంకొక చిక్కు. ఎలక్ట్రాన్‌ను సులువుగా వదిలేసే మూలకాలు, సిలికాన్ లాంటివి, ఉపరితలం మీద కంటే కరోనాలో ఎక్కువ పాళ్లలో ఉంటాయి. వాటినే ఏరి పైకి పంపుతున్నదేమిటో ఎవరికీ పూర్తిగా తెలియదు.

2020 మొదట్లో సూర్యుడు దాదాపు నిద్రలో ఉన్నాడు. మచ్చల్లేవు, పెద్ద జ్వాలల్లేవు. అలాంటి రోజుల్లోనే చిన్న చిన్న మెరుపులు విడివిడిగా కనిపిస్తాయి. ఉపగ్రహంలోని ఒక ఎక్స్-రే పరికరం కొలతలను ఎవరైనా దించుకోవచ్చు. పైడిరాజు వాటిని జల్లెడ పట్టి, పేరు పెట్టడానికి కూడా చాలనంత చిన్న జ్వాలలను పోగుచేశాడు.

మార్చిలో ఒక ఉదయం నా గదికి వచ్చి, కూర్చోకుండానే లాప్‌టాప్ నా ముందు తిప్పి పెట్టాడు. జ్వాల మొదలైనప్పుడు సిలికాన్ పాలు పడిపోతోంది. జ్వాల చల్లబడే కొద్దీ మళ్లీ పెరిగి, నిమిషాల్లో మామూలు స్థాయికి వస్తోంది.

“ఒక్కదాన్లో కాదు మేడం, అన్నింట్లోనూ ఇలాగే ఉంది. జ్వాల లేచేటప్పుడు కింద నుంచి కొత్త సరుకు పైకి వస్తంది. అందుకే ఉపరితలం పాళ్లే కనిపిస్తన్నాయి. ఇంక వేరేగా ఏటి అనుకోవాలి?” అన్నాడు.

నేను చాలాసేపు ఆ గీతలనే చూశాను. నిజమైతే పెద్ద విషయం. కింద నుంచి వచ్చిన పదార్థం అంత తొందరగా కరోనా పాళ్లలోకి మారుతోందంటే, ఆ ఏరివేత ఎక్కడ, ఎంత వేగంగా జరుగుతోందో మొదటిసారి ఒక ఆధారం దొరికినట్టే. నా సర్వీసులో అలాంటి ఫలితం అంత దగ్గరగా రావడం కూడా అదే మొదలు. నిజం కావాలని నాకూ ఉంది. సరిగ్గా అందుకే భయం వేసింది.

ఆ భయానికి కారణం ఉంది. స్పెక్ట్రం నుంచి మూలకాల పాళ్లను నేరుగా చదవలేం. వేడి ఇంత, ప్లాస్మా ఇంత, సిలికాన్ పాలు ఇంత అని ముందుగా ఊహించుకుని, కంప్యూటర్ చేత ఒక గీత గీయించి, కొలిచిన గీతతో పోల్చి, రెండూ కలిసేదాకా ఊహలను సవరించాలి. ఈ పనిని ఫిట్టింగ్ అంటాం. పులుసు చప్పగా ఉంటే ఉప్పు తక్కువైందో నీళ్లు ఎక్కువయ్యాయో రుచి ఒక్కటే చూసి చెప్పలేనట్టు, వేడి మారినా పాళ్లు మారినా గీత ఇంచుమించు ఒకేలా వంగవచ్చు. జ్వాలలో వేడి ఎలాగూ మారుతుంది. ఆ మార్పునే మన ఫిట్టింగ్ సిలికాన్ తగ్గుదలగా పొరబడుతోందేమో అన్నాను.

అతను ఒప్పుకోలేదు. జవాబులో ఎంతవరకు తప్పు ఉండవచ్చో, ఆ పొరపాటు హద్దులు కూడా లెక్కవేశానన్నాడు. ఆ హద్దులు కూడా అదే పద్ధతి ఇచ్చినవే కదా అన్నాను. వాదన తెగకుండానే ఆ నెలాఖరులో లాక్‌డౌన్ వచ్చి విశ్వవిద్యాలయం మూతపడింది.

హార్డ్ డిస్క్ తెచ్చుకోవడానికి అతను అనుమతి పత్రంతో ఒకసారి విభాగానికి వచ్చాడు. దారిలో పోలీసులు ఆపి ఏం పనని అడిగితే “కరోనా మీద రీసెర్చ్ సార్” అన్నాడట. వాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారట. ఫోనులో ఆ సంగతి చెప్పి నవ్వాడు. ఆ వేసవిలో అతను నవ్వగా విన్నది అదొక్కసారే, ఎందుకంటే అదే ఫోనులో నేను ఒక పరీక్ష ప్రతిపాదించాను.

పరీక్ష ఇది. నేను కంప్యూటర్‌లో కొన్ని దొంగ జ్వాలలు తయారుచేస్తాను. పరికరం నిజంగా చూస్తే ఎలా ఉంటుందో అచ్చంగా అలాగే, దాని మసకతో, వెనుక ఉండే అనవసర సంకేతాల రొదతో సహా. కొన్నింటిలో సిలికాన్ తగ్గుతుంది, కొన్నింటిలో కదలదు. ఏది ఏదో అతనికి చెప్పను. అతను తన పద్ధతిలోనే ఫిట్ చేసి ఫలితాలు పంపాలి. సిలికాన్ కదలని చోట కూడా అతని పద్ధతి తగ్గుదల చూపిస్తే, నిజమైన సూర్యుడి మీద అతను చూసినదాన్ని నమ్మడానికి లేదు.

 “నా మీద నమ్మకం లేదా మేడం మీకు?” అన్నాడు.

నీ మీద కాదు, పద్ధతి మీద అన్నాను. “పద్ధతి నాను రాసిందే కదా” అన్నాడు. పరీక్షల పేరుతో నెలలు పోతాయని, ఇవే కొలతలు ఇంకెవరో కూడా చూస్తూ ఉంటారని, వాళ్లు ముందు రాసేస్తే తన గతేమిటని అడిగాడు. న్యాయమైన ప్రశ్న. పరీక్ష లేకుండా నా పేరు పరిశోధన పత్రం మీద పెట్టను అని మాత్రం చెప్పాను.

రెండు రోజుల తర్వాత అతని నంబరు నుంచే ఫోన్ వచ్చింది. మాట్లాడింది గౌరి.

“మేడంగారూ, నాను గౌరినండి. ఈయన అన్నం దగ్గర కూడా అదే మాట. మా లేబ్‌లో కొత్తగా చేరినోళ్లకి పేరు రాయని శాంపిళ్లు ఇస్తారండి, ఏటి ఎంత ఉందో చెప్పమని. నాకూ ఇచ్చారు. తప్పొస్తే ఉద్యోగం తీసెయ్యరు, మళ్లీ నేర్పుతారు. అదే చెప్పాను. మీరు పంపించేయండి, చేస్తారు.”

వెనుక నుంచి పైడిరాజు ఏదో గొణిగాడు. “చేస్తానంటన్నారండి” అని ఆమె తర్జుమా చేసింది.

దొంగ జ్వాలలకు అంకెలు వేస్తే వరుసలో ఏదో అర్థం వెతుకుతాడని వాటికి చేపల పేర్లు పెట్టాను. అతనిది పూడిమడక, సముద్రం మీద చేపల వేటకు వెళ్లే కుటుంబం. ఫైళ్లు అందగానే, “వంజరం, చందువా, కానాగంతలు... ఇది డేటాయా, బజారా మేడం?” అని మెసేజ్ పెట్టాడు. కోపం కొంత దిగిందని అర్థమైంది.

అతని పని నెమ్మదిగా, పద్ధతిగా సాగింది. కరెంటు పోయేది, నెట్ రాకపోయేది, గౌరి కంపెనీ బస్సు దిగి వచ్చేసరికి వంట చేసి ఉంచాల్సింది అతనే. వానలు మొదలయ్యాక ఫలితాలన్నీ ఒకేసారి పంపాడు. నేను నా కంప్యూటర్‌లో దాచిన జవాబులు తెరిచి, వీడియో కాల్‌లో అతను చూస్తుండగానే ఒక్కొక్కటీ సరిచూశాను.

బాగా వెలుగున్న జ్వాలలన్నీ సరిగా వచ్చాయి. వంజరంలో సిలికాన్ తగ్గిందన్నాడు, నేను తగ్గించాను. చందువాలో కదలలేదన్నాడు, నేను కదపలేదు. అతని ముఖం విప్పారింది. మసక జ్వాలల దగ్గరికి వచ్చేసరికి లెక్క తప్పింది. నెత్తళ్లు అని పేరు పెట్టిన జ్వాలలో నేను సిలికాన్‌ను ముట్టుకోనే లేదు. అతని ఫిట్ స్పష్టంగా తగ్గుదల చూపించింది. కవ్వళ్లలోనూ అంతే. కిరణాలు మరీ తక్కువగా వచ్చినప్పుడు పద్ధతి వేడినీ పాళ్లనూ కలగాపులగం చేస్తోంది.

అంటే అతను పోగుచేసిన నిజమైన జ్వాలల్లో సగానికి పైగా పక్కన పెట్టాలి. నేను ఆ మాట అనకముందే అతనే అన్నాడు. “నెత్తళ్ల దగ్గర దెబ్బతిన్నాం మేడం. చిన్నవన్నీ తీసేస్తాను.” మిగిలిన కొన్ని జ్వాలల్లో మాత్రం తగ్గుదల అలాగే నిలిచింది. ఇప్పుడు దాన్ని ఇద్దరం నమ్మాం. సూర్యుడి మీద నిజంగానే ఏదో జరుగుతోంది. ఫోన్ పెట్టేసి నేను ఇంట్లో చాలాసేపు అటూ ఇటూ తిరిగాను.

పత్రం రాయడం మొదలుపెట్టి సగంలో ఉండగా వేరే ఊరి బృందం ఒకటి ఇదే విషయం అచ్చువేసింది. అవే కొలతలు, అదే తగ్గుదల, అదే వివరణ. పత్రం లింకును పైడిరాజే నాకు పంపాడు, కింద ఒక్క మాట కూడా రాయకుండా. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు. వారం గడిచాక, అప్పటికి సిటీ బస్సులు తిరుగుతున్నాయి కాబట్టి, ఆ పత్రాన్ని ప్రింటు తీసుకుని గాజువాక వెళ్లాను.

ఇంట్లో అతని తండ్రి ఎర్రయ్యగారు ఒక్కరే ఉన్నారు. కంటి ఆపరేషన్ చేయించుకుని, నల్లకళ్లద్దాలతో మంచం మీద కూర్చుని ఉన్నారు. ఉద్యోగం గురించి మాట్లాడటానికి కొడుకు కోడలి ఫ్యాక్టరీకి వెళ్లాడని చెప్పారు. వచ్చేదాకా కూర్చోమన్నారు. తర్వాత తనే మాట కదిపారు.

“మా ఓడు సూర్యుడి మీద సదువుతన్నాడంటాడు. ఒక మాట అడగనా అమ్మా? సూర్యుడి ఒంటి కంటే పైనున్న గాలి వేడంట గదా. పొయ్యికి దూరం పోతే సల్లగుండాల. ఇదేటి మరి?”

అదే అసలు చిక్కని, అయస్కాంత శక్తి కింద నుంచి పైకి వేడిని మోస్తోందని అనుకుంటున్నాం గాని ఎలా మోస్తోందో ఇంకా తేలలేదని చెప్పాను.

“తేల్లేదా?” అన్నారాయన నిజంగా ఆశ్చర్యపోయి. “ఇన్నేళ్లూ ఏటి సేసారు మరి?”

నేను నవ్వాను. కొంత తెలుసుకున్నామన్నాను. ఏది కొంత అని అడిగారు. పెద్ద జ్వాలలు ఎక్కడ లేస్తాయో తెలుసు, ఎంత వేడో తెలుసు, అందులో ఏముందో తెలుసు అన్నాను. ఇనుము కూడా ఉందంటే నమ్మలేదు. ఆవిరిగా ఉంటుందని చెప్తే, “మా పక్కింటోడు స్టీల్ ప్లాంటులో సేత్తాడు. ఆడితో సెప్పాల” అన్నారు. ఆయన ఇంకా అడుగుతూనే ఉన్నారు, నేను చెబుతూనే ఉన్నాను, అంతలో పైడిరాజు మెట్లెక్కి వచ్చాడు.

నన్ను చూసి చెప్పులు విడవడం కూడా మరచి గుమ్మంలోనే నిలబడ్డాడు. లేబ్‌లో ఉద్యోగం ఖాయమైనట్టేనని, వచ్చే నెల చేరమన్నారని చెప్పాడు. థీసిస్ సంగతి అడిగాను.

“ఇంకేటి ఉంది మేడం? ఆళ్లు రాసేసారు. రెండోసారి అదే రాస్తే ఎవరిక్కావాలి?” అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉంటేనే నాకు తేలికగా ఉండేది. పరీక్ష పెట్టకపోతే మనమే ముందుండేవాళ్లమని అతను అనలేదు. అన్నా కాదనలేను. ఆ పరీక్షను మాత్రం మళ్లీ పెట్టమన్నా పెడతాను.

పత్రం చేతికిచ్చి, వాళ్లు ఎంత చిన్న జ్వాలదాకా వెళ్లారో చూడమన్నాను. అతను నిలబడే తిరగేశాడు. ఒక పేజీ దగ్గర ఆగాడు. వెనక్కి వెళ్లి బొమ్మ చూశాడు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

“మరీ చిన్నవి నమ్మదగ్గవి కాదని వదిలేశామన్నారు. ఎక్కడి నుంచి నమ్మకూడదో రాయలేదు మేడం.”

“నీకు తెలుసా?”

“తెలుసు కదా. నెత్తళ్లు, కవ్వళ్లు చేసినప్పుడే తెలిసింది.” మళ్లీ ఆ బొమ్మ తిరగేసి, “అంటే... పోయినవే మన పేపరా?” అన్నాడు.

అవును, అదే మన పత్రం అయింది. ఎంత వెలుగు కంటే తక్కువైతే ఈ పద్ధతి లేని తగ్గుదలను చూపిస్తుందో, ఆ హద్దు ఎక్కడుందో దొంగ జ్వాలలను ఇంకా ఎన్నో తయారుచేసి కొలిచాం. ఈసారి తయారుచేసింది అతను, ఫిట్ చేసింది నేను. నేనూ మసకవాటి దగ్గరే తప్పాను. ఆ హద్దుకు పైన మిగిలిన జ్వాలల్లో ముందటి బృందం చెప్పింది నిజమేనని ధ్రువపరిచాం. మేం రెండోవాళ్లమని మొదటి పేరాలోనే రాశాం. ఆ బృందం పెద్దాయన పత్రం చూసి, ఆ హద్దును తమ తర్వాతి పనిలో వాడుకుంటామని మెయిల్ రాశారు.

పైడిరాజు ఫ్యాక్టరీ ఉద్యోగంలో చేరాడు. అది తప్పలేదు. పగలు లేబ్, సెలవు రోజుల్లో థీసిస్. 2021లో నేను పదవీ విరమణ చేశాక కూడా గైడుగా కొనసాగడానికి విశ్వవిద్యాలయం అనుమతించింది. మరుసటి ఏడు ఆన్‌లైన్‌లో వైవా జరిగింది. వైవా అంటే బయటి నుంచి వచ్చిన పరీక్షకుడి ముందు, ఎవరైనా వినగలిగేలా, సిద్ధాంత వ్యాసాన్ని సమర్థించుకోవడం. పరీక్షకుడు మొదటే అడిగారు, సిలికాన్ తగ్గిందని మేమెందుకు నమ్మాలి అని. పైడిరాజు ఇంగ్లీషులో మొదలుపెట్టి, మధ్యలో “ఏటంటే సార్” అని ఒకసారి జారి, సర్దుకుని, తన పద్ధతి ఎక్కడెక్కడ మోసపోయిందో ముందు చూపించాడు. ఎక్కడ మోసపోలేదో తర్వాత చూపించాడు. పరీక్షకుడు ఆ విషయం మీద ఇంకేమీ అడగలేదు. గౌరి ఆ రోజు సెలవు పెట్టి పక్కనే కూర్చుందని, కెమెరాలో పడకుండా కుర్చీ జరుపుకుందని తర్వాత తెలిసింది.

ఇప్పుడతను ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో లెక్చరర్. సెలవుల్లో ఇంకా ఆ కొలతలు చూస్తాడు. సూర్యుడు ఈమధ్య మేల్కొన్నాడు కాబట్టి జ్వాలలకు కొదవ లేదు. సిలికాన్‌ను ఏరి పైకి పంపుతున్నదేమిటో మాత్రం నాకూ తెలియదు, అతనికీ తెలియదు. మొన్న కూడా ఫోనులో దాని మీదే మాట్లాడుకున్నాం.

అప్పుడప్పుడు సిద్ధాంత వ్యాసాలు పరిశీలించమని నాకు పంపుతుంటారు. నేను ఫలితాల అధ్యాయం చివర చదువుతాను. ఈ పద్ధతికి ఏమీ లేని కొలతలు ఇస్తే ఏమీ లేదని చెప్పిందా అన్నది ముందు వెతుకుతాను. అది రాసి ఉంటే మిగతాది చదవడానికి కూర్చుంటాను. లేకపోతే, అది చేసి పంపమని తిప్పి పంపుతాను. దానివల్ల కొందరికి ఆలస్యమవుతుంది, కొందరు రెండోవాళ్లవుతారు. అది తెలిసే చేస్తాను.